మూడు చోట్లా పచ్చ గుర్తు

మా చెల్లికి కోపం వస్తే కుడికాలు నేలకేసి నొక్కుతుంది. డ్రైవింగు నేర్పే కారులో నేర్పేవాళ్ళ వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఏళ్ళ తరబడి దాన్ని తొక్కీ తొక్కీ ఆ కాలికి అదే పనైపోయింది. భోజనాల బల్ల దగ్గర మా ఆయన ఏదైనా తిక్క మాట మొదలుపెట్టినా, టీవీలో ఎవరో చూసుకోకుండా రోడ్డు దాటినా, బల్ల కింద ధబ్బుమని చప్పుడు. ఊళ్ళో కార్లు నడిపేవాళ్ళలో చాలామంది ఆమె పక్కన కూర్చుని నేర్చుకున్నవాళ్ళే. వాళ్ళంతా ఆమెను చాటుగా బ్రేకమ్మ అంటారు. చాటుగా ఏమిటి, ఎదురుగానే అంటారు, ఆమె నవ్వుతుంది.

ఆ కాలి చప్పుడుకు ముందు ఒక గొంతు వచ్చేది. "మెల్లగా. ఇంకా మెల్లగా. అద్దం చూశావా? ఇప్పుడు ఆపు." ఎదురుగా లారీ వచ్చి మీద పడుతున్నా ఆ గొంతు హెచ్చేది కాదు. నేను అలా కాదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అయినా ఫోన్లో మా ఇద్దరి గొంతూ ఒకటేనని అందరూ పొరబడేవారు. చెల్లి ఫోను నేనెత్తి హలో అంటే, ఆమె భర్త "షాపు కట్టేసి బయల్దేరుతున్నా" అని గబగబా చెప్పేసేవాడు. నేను ఒక అరుపు అరిచాకే పాపం తేడా తెలిసేది.

ఆ గొంతులో గడ్డ లేచింది. మొదట జలుబన్నారు. తర్వాత, రోజంతా మాట్లాడే పని కదా, అలిసిపోయి ఉంటుందన్నారు. చివరికి పెద్ద డాక్టరు లోపలికి గొట్టం వేసి చూసి, స్వరపేటిక మొత్తం తీసేయాలన్నాడు. తీసేస్తే మనిషి దక్కుతుంది, మాట దక్కదు. చెల్లి ఆ మాట విని, "ఎప్పుడు చేస్తారు?" అని అడిగింది. అద్దం చూశావా అని అడిగినట్టే అడిగింది. బయటికొచ్చి వరండాలో బావురుమన్నది నేను.

అదే ఆస్పత్రిలో మాటలు నేర్పే టీచరమ్మ ఒకావిడ ఉంది. జబ్బులతో మాట పోయినవాళ్ళకు, నత్తి ఉన్నవాళ్ళకు సాయం చేయడం ఆవిడ ఉద్యోగం. ఆవిడ మమ్మల్ని కూర్చోబెట్టి ఒక దారి చెప్పింది. గొంతు ఉండగానే చెల్లి తామిచ్చే పుస్తకంలోని వెయ్యికి పైగా వాక్యాలు చదివి రికార్డు చేసుకోవాలి. ఆపరేషను గాయం మానాక ఆ రికార్డింగులతో ఒక మిషను తయారు చేస్తారు. పలక లాంటి ఆ మిషను మీద ఏది రాస్తే అది చెల్లి గొంతుతోనే పలుకుతుంది. చదవని వాక్యాలు కూడా, ఆ ధ్వనులన్నీ అతికించుకుని, ఆమె అన్నట్టే అంటుంది.

"పుస్తకంలో వాక్యాలే కాదమ్మా, మీ ఇంట్లో మీరు మాత్రమే అనే మాటలు కూడా చదవండి. పిలుపులు, తిట్లు, ముద్దు పేర్లు. తర్వాత జనం ఎక్కువగా వెతుక్కునేది వాటినే," అంది టీచరమ్మ. "అన్నీ పూర్తయ్యాక ఒకేసారి తెచ్చివ్వండి. ముక్కలు ముక్కలుగా ఇస్తే మాకు కలగాపులగం అవుతుంది."

అలా చెల్లి పడకగదిలో కిటికీలకు దుప్పట్లు కట్టి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ చదవడం మొదలుపెట్టింది. అప్పటికే గొంతు కాస్త బొంగురు పోయింది. ఒక వాక్యం చదివి, విని, నచ్చకపోతే మళ్ళీ చదివేది. నేర్చుకునేవాళ్ళను ఒకే మలుపు పదిసార్లు తిప్పించే మనిషి, తనను తాను మాత్రం వదులుతుందా? ఇంట్లో మాటలు చదివే రోజు మా అందరినీ బయటికి తోలి తలుపేసుకుంది.

"ఏం రహస్యాలమ్మా అవి?" అన్నాను తలుపు ఇవతల నుంచి.

"నీకు కాదులే అక్కా. వెళ్ళి టీ పెట్టు," అంది లోపలి నుంచి. ఆ మాట కూడా రికార్డయి ఉంటుందని తర్వాత నవ్వుకున్నాం.

రికార్డింగులు ఎక్కడ దాచాలన్నది మా ఆయన తన నెత్తిన వేసుకున్నాడు. మా ఆయన నీటి సరఫరా ఆఫీసులో కంప్యూటర్లు చూస్తాడు. మా రెండిళ్ళలో ఏ మిషను మొరాయించినా ఆయనే దిక్కు, ఆ సంగతి ఆయనకు కాస్త ఎక్కువగానే తెలుసు. ల్యాప్‌టాప్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు, పాడైతే గోవిందా అన్నాడు. అప్పటికే ముగ్గురికీ మూడు వేర్వేరు కంపెనీల క్లౌడుల్లో జాగా ఉంది. చెల్లికి ఆమె ఫోనుతో పాటు వచ్చింది ఒకటి, ఆమె భర్తకు షాపు కోసం తీసుకున్నది ఒకటి, మా ఆయనకు ఆయనది ఒకటి. ఈ మూడింటినీ ముడివేసే యాప్ ఒకటి వెతికి పట్టుకొచ్చి, ల్యాప్‌టాప్‌లో చెల్లి రికార్డింగుల ఫోల్డరును కూడా దానికే కలిపాడు. ఆమె ఒక వాక్యం చదివితే చాలు, నిమిషంలో అది మూడు చోట్లకూ చేరి, మూడు పేర్ల పక్కనా పచ్చ గుర్తు పడేది.

"మూడూ ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. అదీ దీని గొప్ప," అని ఛాతీ విరుచుకున్నాడు మా ఆయన.

మేమంతా బుర్రలూపాం. మూడు కాపీలున్నాయి, ఇక గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోవచ్చు అనుకున్నాం. ఒకేలా ఉంటాయంటే ఏమిటో ఎవరం అడగలేదు.

మా మరిది, అంటే చెల్లి భర్త, కాలేజీ ఎదురుగా జిరాక్స్ షాపు నడుపుతాడు. మెత్తని మనిషి. చేతివేళ్ళ చివరలు ఎప్పుడూ నల్లగా ఉంటాయి, జిరాక్స్ మిషను పొడి ఎంత కడిగినా గోళ్ళ మూలల్లోంచి పోదు. పొద్దున షాపు తీసిన దగ్గర్నుంచి అతను చేసేదల్లా ఒకటే, ఒక కాగితం తీసుకుని నాలుగు చేయడం. సర్టిఫికెట్లు తెచ్చి కంగారుపడే పిల్లలకు, "ఇంకో సెట్టు తీసి ఇంట్లో పడెయ్యమ్మా. అసలుది చిరిగినా ఇది చిరగదు," అని ధైర్యం చెప్పేవాడు. అతని లోకంలో కాపీ అంటే అది. ఒకసారి మిషనులోంచి బయటికొచ్చాక దాని బతుకు దానిది.

గడ్డ పెరుగుతోందని ఆపరేషను ముందుకు జరిపారు. వెళ్ళే రోజు పొద్దున కూడా చెల్లి ఒక వాక్యం మళ్ళీ చదివింది. మూడు చోట్లా పచ్చ గుర్తు పడేదాకా ఆగి, చూసి, అప్పుడే కారెక్కింది. దారిలో డ్రైవరుకు మెల్లగా పొమ్మని చెప్పింది. నేను విన్న ఆమె చివరి మాట అదే అనుకుంటాను. తర్వాత నర్సుతో ఏదో అంది గానీ తలుపు పడిపోయింది.

ఆపరేషను బాగానే జరిగిందన్నారు. మెడ మీద రంధ్రం, అందులో చిన్న గొట్టం, దాంట్లోంచి ఊపిరి. పుండు చీము పట్టి, రెండోసారి కుట్లు వేసి, ఆస్పత్రిలో వారాలకు వారాలు గడిచాయి. చెల్లి చేతికి పిల్లలు రాసుకునే తెల్ల పలక ఒకటి కొనిచ్చాం. దాని మీద రాసి, చూపించి, బొటనవేలితో తుడిచి, మళ్ళీ రాసేది. మొదట్లో రాసిందల్లా "నొప్పి", "నీళ్ళు", "లైటు". తర్వాత కాస్త కోలుకున్నాక "మిషను ఎప్పుడు?" అని రాయడం మొదలుపెట్టింది. ప్రతిరోజూ అదే. నేను తల పక్కకు తిప్పితే పలక నా మొహానికి అడ్డంగా పెట్టేది. ఆమె ఆ మిషను కోసమే లేచి కూర్చుంది. మందులు మింగింది దాని కోసమే. ముక్కు గొట్టంలోంచి పోసిన నీళ్ళ గంజి భరించింది దాని కోసమే.

గాయం మానాక టీచరమ్మ దగ్గరికి వెళ్ళాం. నేను, చెల్లి, మా ఆయన. ఆస్పత్రి కోసం మూసిన షాపును మరిది మళ్ళీ తెరిచి అప్పటికి నెల దాటింది, పరీక్షల రోజులు, కాలేజీ పిల్లలు ఈగల్లా మూగుతారు కాబట్టి రాలేదు. చెల్లి ఆ రోజు మంచి చీర కట్టుకుని, మెడకు సన్నని రుమాలు చుట్టుకుంది. మా ఆయన ల్యాప్‌టాప్ తెరిచాడు. యాప్‌లో మూడు పేర్ల పక్కనా మూడు పచ్చ గుర్తులు. "అంతా సరిగ్గా ఉంది" అని కింద అక్షరాలు.

ఫోల్డరు తెరిచాడు. ఖాళీ.

మా ఆయన నవ్వుతూ మూసి మళ్ళీ తెరిచాడు. ఖాళీ. తన క్లౌడు తెరిచాడు, అక్కడా ఖాళీ. చెల్లి ఫోను తీసుకుని ఆమెది తెరిచాడు. ఆయన మొహంలో కత్తి వేటుకు నెత్తురు చుక్క లేదు. టీచరమ్మ తన కుర్చీ కాస్త దగ్గరికి లాక్కుంది.

మా ఆయన మరిదికి ఫోను చేసి స్పీకర్లో పెట్టాడు. అవతల మిషన్లు కాగితాలు కక్కుతున్న చప్పుడు, ఎవరో వెనకా ముందూ రెండు సెట్లు కావాలని అడుగుతున్నారు.

"రికార్డింగులు నీ దాంట్లో ఉన్నాయా?" అన్నాడు మా ఆయన.

"నా దాంట్లోవి తీసేశాను కదన్నయ్యా," అన్నాడు మరిది హాయిగా. "షాపు మళ్ళీ తెరిచిన రోజు జాగా నిండిపోయి పిల్లలు పంపే ఫైళ్ళు ఒక్కటీ రాలేదు. క్యూ గేటు దాకా పోయింది. అదొక్కటే పెద్ద ఫోల్డరు. చెత్తబుట్టలోంచి కూడా తీసేస్తే గానీ జాగా రాలేదు. మీ దగ్గర ఒకటి, తన దగ్గర ఒకటి ఉన్నాయి కదా, వాటిలోంచి ఇచ్చెయ్యండి."

మా ఆయన ఖాళీ ఫోల్డరును మళ్ళీ ఒకసారి తెరిచాడు.

"ఏమైందన్నయ్యా? సరిపోవా? ఒక నిమిషం బాబూ, వెనకా ముందూ అన్నావా?"

అతనికి ఇంకా తెలియదు. మాకు తెలుసు, అతనికి తెలియదు, అవతల మిషన్లు కాగితాలు కక్కుతూనే ఉన్నాయి. నేను చెల్లి వైపు చూశాను. పలక ఒళ్ళో బోర్లా పెట్టేసింది. రెండు చేతులూ దాని మీద ఉన్నాయి. నేను ఆమె కాలి కోసం చూశాను. ఆ కాలు కదల్లేదు.

సంగతి ఇదీ. మరిది తన దాంట్లో తీసేయగానే, ఆ యాప్ తన పని తాను శ్రద్ధగా చేసింది. ఒక చోట లేనిది మిగతా చోట్ల ఎందుకుండాలని రెండు చోట్లా తుడిచి, ల్యాప్‌టాప్‌లోనూ తుడిచి, మూడూ మళ్ళీ ఒకేలా అయ్యాయని పచ్చ గుర్తు పెట్టింది. మిగతా రెండు క్లౌడుల్లో చెత్తబుట్టలు నెలపాటు దాచి ఉంచుతాయట. ఆ నెల చెల్లి మంచం మీదే గడిచిపోయింది. ఎవరికీ తెరిచి చూడాలని తోచలేదు. ఎందుకు తోస్తుంది, మూడు చోట్ల ఉందిగా!

ఆ సాయంత్రం మరిది షాపు కట్టేసి ఇంటికొచ్చాడు. నేను గుమ్మంలోనే అందుకున్నాను. నా నోటికి హద్దూ అదుపూ లేకుండా పోయింది. ఏమేం అన్నానో ఇక్కడ రాయను, రాస్తే కాగితం కూడా సిగ్గుపడుతుంది. అతను చేతిలో సంచి కూడా దించకుండా నిలబడి విన్నాడు.

"కాపీయే కదా వదినా నేను తీసింది," అన్నాడు చివరికి. "నా కాపీ నేను తీసేస్తే మీ దగ్గరున్నది ఎలా పోతుంది? అసలు అదెలా..."

అతను నిజంగానే అడుగుతున్నాడు. సర్దిచెప్పుకోవడం కాదది. ఆ అమాయకపు మొహం చూసి నా కోపం నషాళానికి అంటి, అతన్ని వదిలేసి మా ఆయన మీద పడ్డాను.

"తీసేయకూడదని చెప్పారా మీరు? ఒక్కరికైనా చెప్పారా?"

"ఎవరైనా తీసేస్తారని అనుకోలేదే," అన్నాడు మా ఆయన నేలచూపులు చూస్తూ.

"ఛాతీ విరుచుకోవడానికి మాత్రం తోచింది!"

అప్పుడు లోపలి గదిలోంచి ధబ్బుమని చప్పుడు. చెల్లి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పలక మీద నాకోసం రాసింది: "చాలు అక్కా." మా ఆయన వైపు తిప్పి, తుడిచి రాసింది: "భోంచేసి వెళ్ళండి బావా." మరిది ఒక అడుగు ముందుకు వేశాడు, తనకేం రాస్తుందోనని. ఆమె పలక చంకలో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. మాకందరికీ అరిచే గొంతులున్నాయి, ఆమె కోసం అని చెప్పి మేము అరుచుకున్నాం. అరవాల్సిన మనిషి పలక తుడుచుకుంది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

మాట లేని మనిషి మాట్లాడటం మానేస్తే ఎలా తెలుస్తుందని మీరడగవచ్చు. తెలుస్తుంది. ఆమె అందరికీ రాసేది, పక్కింటావిడకు, మందుల షాపు అతనికి, నాకు పేజీలకు పేజీలు. మరిదికి మాత్రం ఒక్క అక్షరం రాసేది కాదు. ఇంట్లో ఉండేది ఆ ఇద్దరే. అతను వండి పెడితే తినేది. మెడ గొట్టం శుభ్రం చేయడానికి వస్తే తల పైకెత్తి కూర్చునేది. కానీ అతను ఏదైనా అడిగితే తల ఊపడమే, పలక ముట్టుకునేది కాదు. గొట్టం ముట్టుకునే ముందు అతను చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కోవడం నేను ఒకటి రెండు సార్లు చూశాను. ఆ మనిషి చిక్కి సగమయ్యాడు. అతన్ని చూస్తే జాలేసేది, ఆ జాలి మీద మళ్ళీ నాకే చిరాకేసేది.

మేము చేయని ప్రయత్నం లేదు. మా ఆయన మూడు కంపెనీలకూ రాశాడు, మర్యాదగా చింతిస్తున్నామని జవాబులొచ్చాయి. ల్యాప్‌టాప్‌ను పోయిన ఫైళ్ళు వెలికితీసే చోటుకు మోసుకెళ్ళాడు, ఏవేవో తెగిన ముక్కలు తప్ప ఏమీ రాలేదు. పాత ఫోన్లు తవ్వాం. చెల్లి ఫోన్లో కూడా నాలుగు మాటలు మాట్లాడి పెట్టేసే రకం, దొరికిన కాస్త గొంతూ కారు ఇంజను మోతలో, పెళ్ళి వీడియోల గోలలో మునిగిపోయి ఉంది. ఏ కాస్త దొరికినా చాలదా అని టీచరమ్మను బతిమాలాం. తమ దగ్గరున్న మిషనుకు చాలదంటూనే, మా మొహాలు చూడలేక ప్రయత్నించింది. వచ్చిన గొంతు ఖాళీ బిందెలో తల పెట్టి ఎవరో గొణిగినట్టుంది. చెల్లి రెండు మాటలు విని ల్యాప్‌టాప్ మూత చేత్తో మూసేసింది.

"మీ ఇద్దరి గొంతూ ఒకలాగే ఉందే," అంది టీచరమ్మ నన్ను చూసి, ఆలోచిస్తూ. "అక్కాచెల్లెళ్ళ గొంతు వాడుకున్నవాళ్ళు ఉన్నారమ్మా. ఊరూ పేరూ లేని గొంతు కంటే నయం అంటారు."

చెల్లి వెంటనే ఒప్పుకోలేదు. చాలా రోజులు పలక మీద ఆ ఊసే రానివ్వలేదు. ఒకరోజు కూరగాయల దుకాణంలో ఆమె పలక మీద రాస్తుండగా వెనకున్నవాడు "మూగది, లేటవుతుంది, మనం ముందు తీసుకుందాం" అన్నాడు. ఆమె చెవులు బాగానే పనిచేస్తాయన్న సంగతి వాడికి తోచలేదు. ఇంటికొచ్చి నాకు రాసింది: "చదువు."

అదే గది. అవే దుప్పట్లు, ఆపిన ఫ్యాను. నేను మైకు ముందు, ఆమె ఎదురుగా కుర్చీలో. ఆమె చదివిన పుస్తకమే నా చేతిలో ఉంది. వాక్యాల పక్కన పెన్సిలుతో ఆమె పెట్టుకున్న టిక్కులు ఉన్నాయి, కొన్నింటికి రెండేసి, మూడేసి. నేను మొదటి వాక్యం చదవగానే నేల మీద ధబ్బుమంది. పలక ఎత్తింది: "అరుస్తున్నావు."

"ఇది అరవడమా? ఇది నా మామూలు గొంతు!"

"నేను అలా అనను. మెల్లగా."

మళ్ళీ చదివాను. ధబ్బు. మళ్ళీ చదివాను. నా జన్మలో అంత నెమ్మదిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. మా ఆయన తలుపు సందులోంచి విని, "ఈ గొంతు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు?" అన్నాడు. నేను విసిరిన దిండు తలుపుకు తగిలింది. చెల్లి భుజాలు కదిలాయి, చప్పుడు లేకుండా నవ్వింది. ఆ ఒక్కసారే.

ఎందుకంటే తర్వాత పేజీలు వేరు. "నాకు నొప్పిగా ఉంది. నాకు భయంగా ఉంది. నన్ను ఒక్కదాన్నే వదిలి వెళ్ళకండి. ఎవరైనా ఉన్నారా?" ఆ వాక్యాలు నేను ఆమె ఎదురుగా కూర్చుని, ఆమెలా, నెమ్మదిగా చదవాలి. ఆమె వింటూ, సరిగ్గా పలికానో లేదో చూస్తూ తల ఊపాలి. "నాకు భయంగా ఉంది" అన్నచోట నా గొంతు వణికింది. ఆమె బ్రేకు వేసి రాసింది: "వణక్కు. నేను వణకలేదు." నేను పుస్తకం మూసి వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. ఆమె గొంతు నేను తీసుకుంటున్నట్టు అనిపించింది. ఇస్తున్నానని ఎంత అనుకున్నా అలాగే అనిపించింది.

ఇంట్లో మాటల పేజీ తెల్లగా ఉంటుంది, ఎవరివి వారు రాసుకోవాలి. చెల్లి ఆ పేజీని అప్పటికే చింపేసింది. ఏం చదవమంటావని అడిగితే, తల అడ్డంగా ఊపింది.

మిషను తయారై వచ్చిన రోజు ఆదివారం, షాపు లేదు. టీచరమ్మ తానే తెచ్చి, ఎలా వాడాలో చూపించి వెళ్ళింది. చెల్లి బల్ల దగ్గర కూర్చుంది. నేను, మా ఆయన ఎదురుగా. మరిది వంటింటి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రావాలో వద్దో తెలియనట్టు, తడి చేతులు తువాలుతో తుడుచుకుంటూ. చెల్లి వేళ్ళు అక్షరాల మీద కదిలాయి.

"ఏమండీ," అంది మిషను.

నా గొంతు. కానీ నేను ఎప్పుడూ అననంత నెమ్మదిగా. మరిది చేతిలో తువాలు ఆగిపోయింది. ఇన్ని నెలల తర్వాత ఆమె అతనితో అన్న మొదటి మాట అది. అతను పరుగులాంటి నడకతో వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. ఆమె మళ్ళీ టైపు చేసింది, తొందరేమీ లేదు.

"తీసేసే ముందు ఒక్కటైనా విన్నారా?"

అదే ప్రశ్న నేనైతే ఇల్లెగిరిపోయేలా అడిగేదాన్ని. నా గొంతే అడిగింది, కానీ దాంట్లో కోపం లేదు, ఏమీ లేదు. మరిది మొహం ముడుచుకుపోయింది.

"లేదు," అన్నాడు. "షాపు నిండా జనం... లేదు. వినలేదు." మళ్ళీ తనే, "ఏమున్నాయి అందులో? నా కోసం ఏమైనా... ఏం చెప్పావు?" అన్నాడు.

చెల్లి మిషను మీంచి చేతులు తీసేసింది. చెప్పదనుకున్నాను. అప్పుడు వేళ్ళు కదిలాయి, ఒక్కో అక్షరం, ఒక్కో అక్షరం.

"ఇంకుబుడ్డీ, తలుపేశావా? రా, పడుకో."

ఆ పేరు నేను ఏనాడూ వినలేదు. మా ఎదురుగా ఆమె అతన్ని "ఏమండీ" అనే పిలిచేది. ఆ నల్లని వేళ్ళ మనిషికి తలుపులు మూసిన ఇంట్లో ఆమె పెట్టుకున్న పేరది, రోజూ దీపం ఆర్పే ముందు అనే మాట అది. ఆ పేరు నేను రికార్డు చేయలేదు. మిషను నా ధ్వనులన్నీ ఏరుకుని, అతికించి, నా గొంతుతో, నా భర్త ఎదురుగా, మా మరిదిని అలా పిలిచింది. నా చెవులు మండిపోయాయి. నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

మరిది రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

"వద్దు," అన్నాడు. "ఆ పేరు వద్దు. వదిన గొంతుతో వద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను, వద్దు."

బల్ల కింద చెల్లి కాలు నేలను నొక్కి పట్టింది. చప్పుడు రాలేదు. అలాగే నొక్కిపట్టి ఉంచింది, ఎదురుగా వచ్చేది దాటిపోయేదాకా ఆగినట్టు. మిషను ఆ పేరును నేర్చుకుని, పైన ఒక గడిలో తనంతట తానే దాచుకుంది, మళ్ళీ వాడుకోవడానికి వీలుగా. చెల్లి ఆ గడి మీద వేలు పెట్టి నొక్కింది. తీసేయాలా అని అడిగింది మిషను. ఆమె మరిది వైపు చూసింది. అతను చెవుల మీది చేతులు ఇంకా దించలేదు. ఆమె అవును అని నొక్కింది.

ఇప్పుడు చెల్లి ఆ మిషనుతో నాతో మాట్లాడుతుంది, మా ఆయనతో గొడవపడుతుంది, కూరగాయల దుకాణంలో ముందుకు తోసుకొచ్చేవాళ్ళకు గడ్డి పెడుతుంది. నేర్చుకునేవాళ్ళు కూడా ఇద్దరు ముగ్గురు మళ్ళీ వస్తున్నారు. భర్తకు కూడా తెల్ల పలక మీద రాస్తుంది, కావలసినవి, తేవలసినవి. అతన్ని పిలవాలంటే మాత్రం మిషను ముట్టుకోదు. బల్ల మీద వేలితో రెండుసార్లు కొడుతుంది. అతను వస్తాడు.